పాత ట్రాక్టరా, కొత్త అప్పా?

పంజాబు రాష్ట్రంలో సట్లెజ్ నదికి దక్షిణాన ఉన్న మాల్వా ప్రాంతం గోధుమకూ, పత్తికీ ఎంత పేరు పొందిందో, పాత ట్రాక్టర్ల సంతలకు కూడా అంత పేరు పొందింది. మోగా, బర్నాలా, తల్వండీ భాయీ వంటి పట్టణాలలో పశువుల సంత జరిగినట్లే ట్రాక్టర్ల సంత జరుగుతుంది. మైదానంలో బండ్లు బారులు తీరి ఉంటాయి. దళారులు ఇరుపక్షాల మధ్య తిరుగుతూ ఉంటారు. కొన్ని బండ్లకు రంగు వెలిసిపోయి ఉంటుంది. కొన్నిటికి నిన్ననే రంగు పూసిన సంగతి దూరం నుంచే తెలిసిపోతుంది. వాటి మధ్య అక్కడక్కడ, టైర్ల మీది సన్నని రబ్బరు నూగు కూడా అరగని ట్రాక్టర్లు కొన్ని కనిపించిన సందర్భాలున్నాయి.

పొలంలో ఒక్క సాలు కూడా దున్నని ట్రాక్టరు పాతది ఎలా అయింది? పంజాబు రైతుల రుణభారాన్ని పరిశీలించినవారు ఈ ప్రశ్నకు సమాధానం పలుమార్లు చెప్పి ఉన్నారు. కూతురి పెండ్లికో, వడ్డీ వ్యాపారి బాకీకో రొక్కం అవసరమైన రైతుకు బ్యాంకు ఆ అవసరం పేరిట అప్పు ఇవ్వదు. ట్రాక్టరు పేరిట మాత్రం ఇస్తుంది. అందుచేత అతడు భూమిని తాకట్టు పెట్టి ట్రాక్టరు తీసుకుంటాడు. కొద్ది రోజులలోనే దానిని సంతకు తోలి, కొన్న ధరకంటె బాగా తక్కువకు అమ్మివేస్తాడు. బండి పోతుంది, రొక్కం ఖర్చవుతుంది, వాయిదాలు మాత్రం ఏళ్ల తరబడి మిగులుతాయి. అవతలి పక్షాన, కొత్త బండిని చౌకగా కొన్నానని సంతోషించిన రైతు, రిజిస్ట్రేషను పత్రంలో బ్యాంకు హక్కు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నదని ఆలస్యంగా తెలుసుకుంటాడు.

పాత యంత్రమా, కొత్త యంత్రమా అన్న చర్చను ఈ సంత నుంచి ప్రారంభించడానికి కారణం ఉన్నది. ఈ ఎంపికను సాధారణంగా ధరల పోలికగానే భావిస్తారు. కొత్తదానికి ఇంత, పాతదానికి అంత, మిగిలేది ఇంత అని లెక్క వేస్తారు. కాని ట్రాక్టరు విషయంలో ధర అనేది లెక్కకు మొదటి పంక్తి మాత్రమే. దాని వెనుక వడ్డీ, మరమ్మతు, పని దినాలు, పత్రాలు అన్నీ వరుసగా నిలిచి ఉంటాయి. చివరకు పణంగా ఉండేది ట్రాక్టరు కాదు, తాకట్టులో ఉన్న పొలం.

కొరత నుంచి సమృద్ధికి

ఒకప్పుడు ఈ ప్రశ్నే తలెత్తేది కాదు. 1959లో ఫరీదాబాదులోని ఐషర్ కర్మాగారం నుంచి భారతదేశంలో తయారైన తొలి ట్రాక్టరు వెలువడింది. మద్రాసులో టాఫే 1960లో ఏర్పడింది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే మహీంద్రా సంస్థ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సహకారంతో ఈ రంగంలో ప్రవేశించింది. హరిత విప్లవం ఊపందుకున్న కాలంలో ట్రాక్టరుకు గిరాకీ ఉత్పత్తిని మించిపోయింది. డబ్బు చేతిలో ఉన్న రైతు కూడా పేరు నమోదు చేసుకొని వంతు కోసం నిరీక్షించవలసి వచ్చేది. 1971లో కేంద్ర ప్రభుత్వం ట్రాక్టర్ల పంపిణీ, విక్రయాలపై నియంత్రణ ఉత్తర్వునే జారీ చేసింది. దుర్గాపూర్‌లోని కేంద్ర యాంత్రిక ఇంజనీరింగు పరిశోధనా సంస్థలో రూపుదిద్దుకొన్న నమూనా ఆధారంగా పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ 1974లో ‘స్వరాజ్’ ట్రాక్టరును విపణిలోకి తెచ్చింది. విదేశీ సహకారం లేకుండా తయారైన ట్రాక్టరుగా దానికి ఆ పేరు తగినదే.

నేటి పరిస్థితి అందుకు పూర్తిగా భిన్నం. 2022-23 ఆర్థిక సంవత్సరంలో దేశీయ విపణిలో అమ్ముడైన ట్రాక్టర్లు 9 లక్షలకు పైగా ఉన్నాయి. వీటిలో ఎన్నో కొద్ది సంవత్సరాలలో చేతులు మారతాయి. అమ్మేవారు, అప్పు ఇచ్చేవారు, మార్పిడికి తీసుకొనేవారు ఇప్పుడు రైతు గుమ్మం వద్దకే వస్తున్నారు. మరొక వంక 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అనగా రెండున్నర ఎకరాలకు కొంచెం పైన. కమతాలలో 86 శాతం చిన్న, సన్నకారు రైతులవే. యంత్రాలు పెరిగాయి, వాటికి పని చూపవలసిన కమతాలు కుదించుకుపోయాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, కొనేముందు వేయవలసిన మొదటి ప్రశ్న తానై తోస్తుంది: ఈ బండికి ఏడాదిలో ఎన్ని గంటల పని ఉంది?

ఎకరాలు కావు, గంటలు

ఎద్దు పని చేయని రోజున కూడా మేత తింటుంది. ట్రాక్టరు డీజిలు తాగదు కనుక ఊరికే నిలబడితే ఖర్చు లేదని పలువురు భ్రమపడతారు. కాని కొట్టంలో నిలిచిన ట్రాక్టరు కూడా మూడు విధాలుగా మేత తింటూనే ఉంటుంది. దాని విలువ ఏటేటా తరుగుతుంది. పెట్టుబడి మీద వడ్డీ పెరుగుతుంది. బీమా, కొట్టం వంటివాటికి వ్యయం అవుతుంది. ఇవి పని జరిగినా జరగకపోయినా తప్పని స్థిర వ్యయాలు. మరమ్మతులు, డీజిలు, నడిపేవాని కూలి మాత్రం పని గంటలతో పాటు పెరుగుతాయి.

అనంతపురం జిల్లాలో 12 ఎకరాల మెట్ట భూమిలో వేరుశనగ పండించే ఒక రైతును ఊహించండి. అతని ముందు రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి 8 లక్షల రూపాయల కొత్త ట్రాక్టరు, రెండవది అదే శక్తి కల 4 లక్షల పాత ట్రాక్టరు. ఈ అంకెలు కేవలం లెక్క కోసం అనుకున్నవి. ఎవరి ఊరి ధరలు వారు వేసుకోవచ్చు. కొత్తది 10 సంవత్సరాల తరువాత 2 లక్షలకు అమ్ముడవుతుందనుకుంటే ఏడాదికి తరుగుదల 60,000 రూపాయలు. సగటు పెట్టుబడి 5 లక్షలు. దానిపై 10 శాతం వడ్డీ 50,000. బీమా, కొట్టం 10,000. మొత్తం స్థిర వ్యయం ఏడాదికి 1,20,000 రూపాయలు. పాతదానిని 5 సంవత్సరాలు వాడి 2 లక్షలకు అమ్మితే తరుగుదల 40,000. సగటు పెట్టుబడి 3 లక్షలపై అదే వడ్డీ 30,000. బీమా, కొట్టం 10,000. మొత్తం 80,000 రూపాయలు. మరమ్మతులు కొత్తదానికి గంటకు 50 రూపాయలు, పాతదానికి 130 రూపాయలు అవుతాయనుకుందాం. డీజిలుకూ, నడిపేవానికీ కలిపి రెండిటికీ గంటకు 450 రూపాయలు. ఊరిలో అద్దె ట్రాక్టరు డీజిలుతో సహా గంటకు 1,000 రూపాయలకు దొరుకుతుందనుకుందాం.

ఇప్పుడు దుక్కి, గుంటక, విత్తనం, కాయల రవాణా అన్నిటికీ కలిపి ఎకరాకు 5 గంటలు పడితే, ఈ రైతు సొంత పని ఏడాదికి 60 గంటలే. ఆ 60 గంటలకు కొత్త ట్రాక్టరు గంట ఖరీదు 2,500 రూపాయలు అవుతుంది. పాత ట్రాక్టరు గంట ఖరీదు 1,900 రూపాయలు దాటుతుంది. అద్దె బండి 1,000 రూపాయలకే వస్తున్నప్పుడు ఈ రెండూ నష్టమే. పాతది కొంటే నష్టం కొంత తక్కువ, అంతే తేడా.

ఇదే లెక్కను ముందుకు నడిపితే మూడు మెట్లు స్పష్టపడతాయి. ఏడాదికి సుమారు 190 గంటల పని లేనివారికి ఏ ట్రాక్టరూ గిట్టదు. అద్దెకు తీసుకోవడమే మేలు. 190 నుంచి 500 గంటల వరకు పాత ట్రాక్టరు చౌక. 500 గంటలు దాటితే పాతదాని మరమ్మతుల భారం కొత్తదాని వడ్డీ భారాన్ని మించిపోతుంది; అక్కడినుంచి కొత్తదే చౌక.

అయితే ఈ లెక్కలో ఒక లోపం కావాలనే ఉంచడం జరిగింది. రెండు బండ్లకూ ఒకే వడ్డీ వేశాము. వాస్తవంలో పాత ట్రాక్టరుకు ఇచ్చే అప్పుకు వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. కొత్తదానికి 10 శాతమే ఉంచి, పాతదానికి 14 శాతం వేసి చూడండి. దాని స్థిర వ్యయం 92,000 రూపాయలకు పెరుగుతుంది. గిట్టుబాటు 220 గంటల వద్దగాని మొదలు కాదు. కొత్తది చౌక అయ్యే మెట్టు 500 నుంచి 350 గంటలకు దిగివస్తుంది. కాబట్టి పాత ట్రాక్టరు లాభం ప్రధానంగా చేతి డబ్బుతో కొన్నవానికే దక్కుతుంది. అధిక వడ్డీకి అప్పు తెచ్చి పాత బండి కొన్నవాడు ఆ లాభంలో పెద్ద భాగాన్ని అప్పు ఇచ్చినవానికి ధారపోస్తున్నాడు.

మరి సొంతానికి 60 గంటల పనే ఉన్న రైతు 300 గంటలు ఎలా చూపగలడు? తక్కిన 240 గంటలు ఇతరుల పొలాలలో కూలికి దున్నాలి. కొనేవేళ అందరూ ఈ మాటే చెబుతారు. కాని ఊరిలో ఇప్పటికే ఎన్ని బండ్లు ఉన్నాయో, వాటికి ఏడాదికి ఎన్ని గంటలు పని దొరుకుతున్నదో, దున్నిన కూలి ఎన్ని నెలలకు చేతికి వస్తున్నదో విచారించేవారు కొద్దిమందే. వాన పడిన మూడు రోజులలో అందరికీ ట్రాక్టరు కావాలి; తక్కిన మూడు నెలలు ఎవరికీ అక్కరలేదు. ఊహించిన గంటలను కాక, రూఢిగా దొరికే గంటలనే పద్దులో వేసుకోవడం వివేకం.

అదను ఖరీదు

లెక్కలకు అందని విషయం మరొకటి ఉన్నది. మెట్ట రైతుకు పదును, అదను అనే రెండు మాటల విలువ వేరే చెప్పనక్కరలేదు. తొలకరి పడిన తరువాత నేలలో విత్తనానికి తగిన తేమ కొద్ది రోజులే నిలుస్తుంది. ఆ రోజులలో హైడ్రాలిక్ పంపు చెడిపోయి ట్రాక్టరు గట్టున నిలిచిపోతే, విడిభాగం ఖరీదు మూడు వేలే కావచ్చు. కాని పోయేది మూడు వేలు కాదు, ఆ ఏటి పంట. కొత్త యంత్రానికి ఎక్కువ ధర చెల్లించినప్పుడు రైతు కొంటున్నది మెరిసే రంగును కాదు, ఈ నమ్మకాన్ని. ఊరిలో మరొక బండి వెంటనే అద్దెకు దొరకని చోట, ఉన్న ఒక్క ట్రాక్టరు మీదనే సేద్యమంతా ఆధారపడిన చోట, లెక్క పాతదానివైపు మొగ్గినా కొత్తది కొనడం తప్పు కాదు. పక్కింటి బండి పిలవగానే వచ్చే చోట ఈ నమ్మకానికి అంత ధర పెట్టనక్కరలేదు.

నమ్మకం యంత్రంలో మాత్రమే ఉండదు, దాని విడిభాగాలు దొరికే దుకాణంలోనూ, దానిని విప్పి బిగించగల మెకానిక్కు చేతిలోనూ ఉంటుంది. హర్యానాలోని పింజోర్‌లో తయారైన హెచ్.ఎం.టి. ట్రాక్టర్లు ఒక తరం రైతులకు సుపరిచితాలు. ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయడానికి 2016 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ బండ్లు నేటికీ పలు పొలాలలో పని చేస్తున్నవి. కాని అటువంటి బండిని కొనదలచినవారు ముందుగా ఇంజను శబ్దం విని ప్రయోజనం లేదు. సమీప పట్టణంలోని విడిభాగాల దుకాణానికి వెళ్లి, ఏవి దొరుకుతాయో, ఏవి దొరకవో విచారించి రావాలి.

దీనికి భిన్నమైన సమస్య కొత్త పెద్ద ట్రాక్టర్లలో ఉన్నది. 50 అశ్వశక్తిని మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ‘ట్రెమ్ 4’ అనే పొగ నియంత్రణ ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. వాటిని అందుకోవడానికి ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో నియంత్రించే ఇంజన్లు వచ్చాయి. ఇవి శుభ్రంగా పని చేస్తాయి. అయితే లోపం వచ్చినప్పుడు స్పానరుతో పాటు కంప్యూటరు పరికరం కూడా కావాలి. కంపెనీ సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉన్నదనేది ఇక్కడ ధర అంత ముఖ్యమైన ప్రశ్న.

పళ్లు చూసే విద్య

వెనుకటి తరం రైతు ఎద్దును కొనేటప్పుడు అమ్మేవాని మాటను నమ్మేవాడు కాదు. పళ్లు చూసేవాడు, సుళ్లు చూసేవాడు, నడిపించేవాడు, చివరకు కాడి కట్టి దున్నించి చూసేవాడు. ట్రాక్టరుకు కూడా పళ్లు ఉన్నాయి, చూడడం తెలియాలి.

మొట్టమొదట ఇంజను మీద చేయి పెట్టి చూడాలి. కొనేవాడు వచ్చేసరికే అది వెచ్చగా ఉంటే, చల్లని ఇంజను సులువుగా కదలదన్న సంగతిని అమ్మేవాడు దాచుతున్నాడని శంకించవచ్చు. ఉదయాన్నే, చల్లని ఇంజనును తన కళ్ల ఎదుట నడిపించమనాలి. పొగ రంగు చాలా సంగతులు చెబుతుంది. పని భారం మీద ఎడతెగని నల్లని పొగ వస్తే గాలి వడపోతలోనో, ఇంజెక్టర్లలోనో లోపం ఉన్నట్లు. నీలి పొగ ఇంజను ఆయిలు మండుతున్నదనడానికి గుర్తు. పిస్టను రింగులు, లైనర్లు అరిగిపోయి ఉండవచ్చు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే నీరు లోపలికి చేరుతున్నదేమో, ఇంధనం సరిగా మండడం లేదేమో పరీక్షించాలి. ఆయిలు పోసే మూత తీస్తే పొగ ఒత్తిడితో ఎగజిమ్మడం మంచి లక్షణం కాదు. ఆయిలు కొలిచే కడ్డీ మీద పాల వంటి తెల్లదనం ఉంటే ఆయిలులో నీరు కలిసిందని అర్థం.

తరువాత కాడి కట్టి చూడాలి. బరువైన పనిముట్టును హైడ్రాలిక్‌తో పైకెత్తి, ఇంజను ఆపి, కొంతసేపు వేచి చూడాలి. పనిముట్టు త్వరత్వరగా కిందికి జారిపోతే లోపల అరుగుదల ఉన్నది. బండిని పై గేరులలో ఎక్కుడు దారిన నడిపించి, క్లచ్చి జారుతున్నదా, గేరు తనంతట తాను ఊడుతున్నదా గమనించాలి. రెండు బ్రేకులనూ వేరు వేరుగా తొక్కి చూడాలి. ముందు ఇరుసును జాకీతో ఎత్తి, చక్రాన్ని పట్టుకొని కదిలిస్తే ఎంత ఆట ఉన్నదో చేతికే తెలుస్తుంది. వెనుక టైర్ల గట్లు అరిగి ఉంటే ఆ జత ఖరీదును ధరలో తగ్గించవలసిందే. పాత ట్రాక్టరుకు ఒకేసారి పెట్టవలసిన పెద్ద ఖర్చులలో అదొకటి.

గంటల మీటరును మాత్రమే నమ్మరాదు. దానిని మార్చవచ్చు, తీసివేయవచ్చు. క్లచ్చి పెడలు మీది రబ్బరు అరుగుదలను, పనిముట్టు తగిలించే చోట సాగిపోయిన రంధ్రాలను మార్చడం ఎవరికీ గుర్తుండదు. మీటరు 1,500 గంటలు చూపుతుండగా పెడలు ఇనుము తేలి ఉంటే, ఏది నిజం చెబుతున్నదో వేరే చెప్పనక్కరలేదు.

బండి ఎంత పని చేసిందన్నదే కాక, ఏ పని చేసిందన్నది కూడా విచారించాలి. కృష్ణా, గోదావరి డెల్టాలలో దమ్ము చక్రాలు కట్టుకొని బురదలో తిరిగిన బండికి ఇరుసుల సీళ్లు, బ్రేకులు, బేరింగులు తడి వల్ల దెబ్బ తిని ఉండవచ్చు. ఇసుక, ఇటుక తోలిన బండికి క్లచ్చి, వెనుక ఇరుసు, బ్రేకులు అలసి ఉంటాయి. మెట్ట దుక్కి చేసిన బండిలో ఇంజను లోపలికి దుమ్ము పోయి ఉండవచ్చు. కాబట్టి తన పొలం పనికి ఏ భాగం ముఖ్యమో ఆ భాగం సొమ్మసిల్లిన బండిని ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోరాదు. ఇన్ని పరీక్షలు జరిపిన తరువాత కూడా, కొన్న ధరలో ఆరవ వంతునో, ఐదవ వంతునో తొలి మరమ్మతుల కోసం వేరుగా దాచి ఉంచడం అనుభవజ్ఞుల పద్ధతి. ఆ సొమ్ము చేతిలో లేనివానికి పాత ట్రాక్టరు చౌక కాదు.

ఈ విద్య పుస్తకాలతో మాత్రమే వచ్చేది కాదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955లో ఏర్పడిన కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ, హర్యానాలోని హిస్సార్, అస్సాంలోని విశ్వనాథ్ చారియాలి కేంద్రాలతో పాటు, దక్షిణాది కోసం అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఒక సంస్థ ఉన్నది. ఈ సంస్థలు యంత్రాల వాడకంలోనూ, సంరక్షణలోనూ రైతులకూ, యువకులకూ శిక్షణ ఇస్తున్నవి. ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు వెలువరించేది కూడా ఈ వ్యవస్థే. ప్రకటనలో కనిపించే అశ్వశక్తి ఇంజనుది. పనిముట్టును తిప్పే పి.టి.ఓ. వద్దకు చేరే శక్తి అంతకంటె తక్కువ. రోటవేటరు కట్టదలచిన రైతు పరీక్షా నివేదికలో ఈ రెండవ అంకెనూ, గంటకు తాగే డీజిలునూ చూసి కొత్త బండ్లను పోల్చుకోవాలి.

కాగితాల దుక్కి

యంత్రం బాగుండి, కాగితాలు బాగుండకపోతే కష్టం రెట్టింపవుతుంది. రిజిస్ట్రేషను పత్రంలో అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఉన్నదా అన్నది మొదటి ప్రశ్న. ఉన్నట్లయితే అప్పు తీరినట్లు ఆ సంస్థ ఇచ్చే పత్రం, హక్కు రద్దుకు అవసరమైన 35వ నంబరు ఫారం చేతికి వచ్చేవరకు పూర్తి సొమ్ము చెల్లించరాదు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పత్రంలోని వాటితో సరిపోవాలి. బండి పొరుగు రాష్ట్రానిదైతే అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. పేరు మార్పిడికి 29, 30 నంబర్ల ఫారాలు ఉన్నాయి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కొన్నవారు 30 రోజులలోపు తెలియజేయాలి. బీమా మార్పిడికి 14 రోజులలోపు దరఖాస్తు చేసుకోవాలి.

ఈ శ్రద్ధ కొనేవానికే కాదు, అమ్మేవానికి కూడా అవసరం. సంతలో బండి ఇచ్చి, డబ్బు తీసుకొని, సంతకం చేసిన ఖాళీ ఫారాలను దళారి చేతిలో పెట్టి ఇంటికి వచ్చే అలవాటు చాలామందికి ఉన్నది. ఆ బండి రెండు మూడు చేతులు మారి, ఎక్కడో ఒక మనిషిని ఢీకొంటే బాధ్యత ఎవరిది? 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కారు విషయంలో ఇదే ప్రశ్నను విచారించింది. రిజిస్ట్రేషనులో ఎవరి పేరు ఉన్నదో, చట్టం దృష్టిలో వారే యజమాని, పరిహార బాధ్యత వారిదే అని తీర్పు చెప్పింది. బండి ఎన్నడో అమ్మివేశామన్న మాట వారిని కాపాడలేదు. ట్రాక్టరుకూ ఇదే చట్టం వర్తిస్తుంది. ట్రక్కు కట్టుకొని రోడ్డెక్కిన ట్రాక్టరుకు ప్రమాదం కొత్త కాదని అందరికీ తెలిసినదే.

కొత్తది కొనేవారికి

కొత్త ట్రాక్టరు కొనేవారికి కూడా జాగ్రత్తలు ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై వస్తు సేవల పన్ను 12 నుంచి 5 శాతానికీ, ట్రాక్టరు టైర్లు, విడిభాగాలపై 18 నుంచి 5 శాతానికీ తగ్గింది. కొత్తదాని ధర తగ్గినప్పుడు పాతదాని ధర కూడా ఆ మేరకు తగ్గాలని కొనేవారు బేరంలో అడగవచ్చు. వెనుకటి ధరలను మనసులో పెట్టుకొని పాత బండికి విలువ కట్టడం పొరపాటు. మరొక వంక, విడిభాగాల పన్ను తగ్గడం పాత బండ్లను నడిపేవారికి కూడా కొంత ఊరటే.

పొరుగువాడు 50 అశ్వశక్తి బండి తెచ్చాడని తాను 55 తెచ్చేవారు ఉన్నారు. అవసరాన్ని మించిన ప్రతి అశ్వశక్తికీ ధర, వడ్డీ, డీజిలు చెల్లించవలసి ఉంటుంది. ట్రాక్టరు ఒక్కటే కొని ప్రయోజనం లేదని, గొర్రు, రోటవేటరు, ట్రక్కు కూడా కావాలని మరచిపోయి, వాటి కోసం మళ్లీ బయట అధిక వడ్డీకి అప్పు తెచ్చేవారూ ఉన్నారు. ఇక్కడ మధ్యేమార్గం ఒకటి ఉన్నది. నాగలి, గొర్రు, గుంటక, ట్రక్కు వంటి ఇనుప సామాను పాతవి కొనవచ్చు. వాటి వంపులు, పగుళ్లు, అతుకులు కంటికి కనిపిస్తాయి, ఊరి కమ్మరి బాగుచేయగలడు. విత్తనాన్ని లెక్కగా వేసే యంత్రం, మందు చల్లే యంత్రం వంటివాటిలో లోపం పైకి కనిపించదు, మొలక వచ్చేవరకో, పురుగు తిరగబడేవరకో తెలియదు. అటువంటివి కొత్తవే మేలు.

ఇక అద్దెకు తీసుకోవడాన్ని చిన్నతనంగా భావించనక్కరలేదు. 2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం కింద పలు రాష్ట్రాలలో యంత్రాల అద్దె కేంద్రాలకు ప్రభుత్వం సహాయం అందిస్తూ వచ్చింది. నలుగురు రైతులు కలిసి ఒక బండిని కొనుక్కొని, ఎవరి పొలం ముందు, ఎవరిది తరువాత అన్న వరుసను వాన పడకముందే వ్రాసి పెట్టుకుంటే, ఒక్కొక్కరికి 60 గంటల పని నలుగురికి కలిపి 240 గంటలు అవుతుంది. ఒంటరిగా ఎవరికీ గిట్టని పాత ట్రాక్టరు అప్పుడు గిట్టుబాటవుతుంది. ఇందులో కష్టమంతా యంత్రం వద్ద లేదు, వరుస వద్ద ఉన్నది.

మాల్వా సంతలో రబ్బరు నూగు అరగని ఆ ట్రాక్టరు వద్దకు చివరిగా ఒకసారి తిరిగి వెళ్లవచ్చు. దాని పక్కన నిలబడిన అమ్మకందారు కూడా రైతే. అతడు బండిలో ఏ లోపాన్నీ దాచడం లేదు. దాచుతున్నది తన ఇంటి కష్టాన్ని. ఆ బండిని కొనదలచిన రైతు ఇంజను శబ్దంతో పాటు అప్పు కాగితాన్ని కూడా అడిగితే, ఆ ప్రశ్న తన పొలాన్ని రక్షిస్తుంది. ఆ ప్రశ్ననే అమ్మేవాడు షోరూములో సంతకం చేయడానికి ముందు తనకు తాను వేసుకొని ఉంటే, ఆ ట్రాక్టరు సంతకు వచ్చేదే కాదు.